ఆరుపళ్ల పట్టీ

తెల్లారగానే ఏసమ్మ సావిడి తలుపు తీసి, చీపురు పట్టుకోకముందే మూలనున్న గునపాన్ని జానతో కొలుస్తుంది. పిల్లల్ని గోడకి నిలబెట్టి ఎత్తు చూసుకునే తల్లులు ఉంటారు కదా, అలాగ. ఆమె మొగుడు సామ్యేలు సావిడిలో ఇనుము ఎదుగుతుంది. అరిగిన పార కానీ, మొండిబారిన కొడవలి కానీ, సామ్యేలు ఆముదం రాసి, నాలుగు మంచి మాటలు చెప్పి పడుకోబెట్టాడంటే మళ్లీ ఒళ్లు చేస్తుంది. మొగల్తూరు దాటాక సముద్రం వైపున్న ఆ ఊళ్లో ఇదెవరికీ వింత కాదు. ఊరి కమ్మరి మాత్రం ఎప్పుడో నరసాపురం వెళ్లిపోయి సైకిల్ షాపు పెట్టుకున్నాడు. పాపం, అతన్ని ఏమనగలం?

పోయిన చలికాలంలో సామ్యేలుకి కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి గునపం ఎదగలేదు. ఏసమ్మ కొలుస్తూనే ఉంది, అది ఉన్నచోటే ఉంది. జనం పారలు తెచ్చిపెట్టడం మానేసి బజారులో కొత్తవి కొనుక్కోవడం మొదలెట్టారు. మంచి రోజుల్లో వాళ్లే గుమ్మం వదిలేవారు కాదు. లోకం తీరే అంత.

సామ్యేలు జీవితమంతా ఊళ్లోవాళ్ల చేలు దున్ని, చివరికి ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. ముందు భాగాన లోడరు బకెట్టుతో సహా. చెయ్యి పడిపోయాక దాన్ని ఆయన కూతురు ప్రసన్నకుమారి నడుపుతోంది. ఇసుక ఎత్తేది, పెంట తోలేది. పని మాత్రం ఊళ్లోవాళ్లు అంతంతమాత్రంగానే చెప్పేవారు. ఆడపిల్ల బండి నడుపుతుంటే వింతగా చూడ్డానికి వస్తారు గానీ, పని ఇవ్వడానికి రారు. పని లేని ట్రాక్టరుని గుమ్మంలో పెట్టుకుని ఏం చేస్తాం, అమ్మేద్దామని సామ్యేలు అనుకుంటున్నాడు.

ఆ వేసవిలో ఊరి మురుగుకాలవ తవ్వాల్సొచ్చింది. వానలకి ముందే అది బాగుపడకపోతే సార్వా చేలన్నీ మునుగుతాయి. నీటి సంఘం ప్రెసిడెంటు సూర్యప్రకాశం గారు కాకినాడ నుంచి మిషను తెప్పిద్దామన్నారు.

"ఊళ్లో ట్రాక్టరు ఉండగా బయటది దేనికండీ?" అంది ప్రసన్నకుమారి.

"నీ బకెట్టుది బోసినోరు కదమ్మాయ్. ఇసుకంటే ఎత్తుతుంది. ఇది బంకమట్టి, పైగా తుంగ. దాన్నేం కొరుకుతుంది?"

"పళ్లు పెట్టిస్తానండి."

నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం, "సరే, సోమవారం ఓ ముక్క తవ్వి చూపించు. బాగుంటే కాలవంతా నీకే. లేదంటే మిషనుకి ఫోను చేసేస్తాను" అన్నారు.

బకెట్టు అంచుకి బోల్టులతో బిగించే పళ్ల పట్టీలు భీమవరంలో దొరక్క, తండ్రీ కూతుళ్లు రాజమండ్రి బస్సెక్కారు. అక్కడ ట్రాక్టరు సామాన్ల షాపు మణిశంకర్ మూడు పట్టీలు బయటికి తీయించాడు.

"నాలుగు పళ్లది రాళ్ల నేలకండి, మీకు పనికిరాదు. ఎనిమిది పళ్లది తీసుకోండి. ఈ చివర్నించి ఆ చివరిదాకా పళ్లే, తుంగ వేరు తప్పించుకోడానికి సందుండదు. ఆరు పళ్లదానికి చూడండి, రెండు కొసలూ బోసి. అక్కడ మట్టి తెగదు."

ప్రసన్నకుమారి బకెట్టు వెడల్పు కొలిచి తెచ్చుకున్న పురికొసని పట్టీలకి పెట్టి చూసింది. ఆరుదీ సరిపోయింది, ఎనిమిదిదీ సరిపోయింది. ఆమె మనసు ఎనిమిది మీదే ఉంది.

అప్పుడు సామ్యేలు స్టూలు మీంచి లేచాడు. ఎడ్లసంతలో బేరం కుదరాలంటే ఒకప్పుడు జనం ఆయన కోసమే చూసేవారు. ఎద్దు కింది పెదవి లాగి పళ్లు చూశాడంటే దాని వయసు చెప్పేసేవాడు. ఇప్పుడు ఎడంచేత్తో ఒక్కో పట్టీ పళ్లూ అలాగే తడిమాడు.

"ఎనిమిదిది వద్దమ్మా. ఎద్దుకైనా ఎనిమిది పళ్లూ వచ్చేశాక దాని వయసు ఎవడు చెప్పగలడు? అమ్మేవాడి మాటే దిక్కు. ఆరుపళ్లది వయసు మీదుంది. ఇంకా ఎదుగుతుంది."

షాపులో ఉన్న రైతులు నిజమేనన్నట్టు తలూపారు. మణిశంకర్ కూడా, "పెంచుకునేవాళ్లయితే ఆరుపళ్లదే మంచిదండి. ఆ సంగతి ముందే చెప్పాలి కదండీ మరి" అని ఎనిమిది పళ్లదాన్ని పక్కకి జరిపేశాడు.

ప్రసన్నకుమారి తండ్రిని పక్కకి తీసుకెళ్లింది. "నాన్నా, మన సావిడిలో ఇనుము ఎదగడం మానేసింది కదా. సోమవారం అందరి ముందూ నా పరువు పోవాలా?"

"మానేసింది నా చేతికి. నీ చేతికి ఎదుగుతుందో లేదో ఎప్పుడైనా చూశామా?"

నిజమే, ఆ ఆముదం సీసా ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. కొడుకుంటే వాడికి ఎప్పుడో అంది ఉండేది. కూతురికి ఇవ్వచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు, చెయ్యి పడిపోయేదాకా సామ్యేలుకీ తోచలేదు. ఎనిమిది పళ్లదైతే సోమవారం గట్టెక్కుతుంది. ఆరు పళ్లదైతే తన చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది. భయం వేసింది. అయినా తెలుసుకోవాలనే అనిపించింది.

"ఆరుదే కట్టండి" అంది.

ఇంటికి తెచ్చి రోజూ ఆముదం రాసింది. పట్టీలో చలనం లేదు.

సోమవారం కాలవ గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. మోటారుసైకిళ్లు వరసగా నిలబెట్టి, వాటిమీదే కూర్చున్నారు. ప్రసన్నకుమారి బకెట్టు దించి ముందుకి పోనిచ్చింది. నడుమ భాగాన మట్టి బాగానే తెగింది. రెండు కొసల దగ్గర మాత్రం తుంగ జారిపోయి, కాలవకి అటూ ఇటూ గోడలు మిగిలిపోయాయి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. అవే గోడలు. సూర్యప్రకాశం గారు జేబులోంచి సెల్‌ఫోను తీసి చేత్తో పట్టుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారని ప్రసన్నకుమారి పట్టీని ఒక్క మాట కూడా అనలేదు.

మధ్యాహ్నం ఇంజను ఆపి, పట్టీకి అంటుకున్న బురదంతా చేత్తోనే కడిగింది. ఆముదం రాసింది. తండ్రిలాగా మంచి మాటలు చెప్పడం ఆమెకి రాదు. తోటి కూలీతో చెప్పినట్టే చెప్పింది: "నువ్వు ఎదిగినా ఎదక్కపోయినా పని ఆపేది లేదు. అన్నం తిని వస్తాను, తయారుగా ఉండు."

ఏసమ్మ తెచ్చిన క్యారేజీ విప్పి, గట్టు కింద కూర్చుని తింది. చెయ్యి కడుక్కొచ్చి చూస్తే, పట్టీ రెండు కొసల్లోనూ పళ్లు పొడుచుకొస్తున్నాయి. చూస్తుండగానే మిగతావాటి ఎత్తుకి వచ్చి ఆగాయి.

ఏసమ్మ వేలితో నొక్కి చూసింది. "గట్టివే" అంది.

"ఎనిమిదీ వచ్చేశాయా?" అని అడిగారు గట్టు మీదివాళ్లు. "వచ్చేశాయి" అంటే, "అయితే కానివ్వండి, పొద్దు వాలిపోతోంది" అన్నారు.

ప్రసన్నకుమారి బండెక్కింది. ఈసారి జున్ను కోసినట్టు కాలవ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సాఫుగా తెగింది. తుంగ వేళ్లతో సహా పెళ్లలు పెళ్లలుగా లేచి వచ్చింది. అంతకుముందు నవ్వినవాళ్లే "అటు, ఇంకాస్త అటు" అని సలహాలు చెప్పబోయారు. ఇంజను మోతలో ఆమెకి ఒక్కటీ వినపడలేదు. ఇచ్చిన ముక్క పూర్తిచేసి, ఇంకొంచెం తవ్వి గానీ ఆపలేదు. గట్టు మీద సామ్యేలు ఏడుస్తున్నాడు. తుడుచుకోలేదు, దాచుకోలేదు. నా కూతురు అన్న గర్వం ఆయన మొహమంతా ఉంది.

సూర్యప్రకాశం గారు సెల్‌ఫోను జేబులో పెట్టుకుని ఆయన దగ్గరికొచ్చారు. "సామ్యేలూ, కాలవంతా మీకే. మరి రేపు బండి ఎన్నింటికి పంపిస్తావు?"

"నన్నడక్కండి బాబూ. ట్రాక్టరు ఆవిడది. అడిగేదేదో ఆవిణ్ణే అడగండి."

ప్రెసిడెంటు గారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బురదలోకి దిగి ట్రాక్టరు దాకా నడిచారు. తలెత్తి చూసి, "ఎన్నింటికొస్తారండీ?" అన్నారు. ఆ ఊళ్లో ఆయన నోటి నుంచి సామ్యేలు ఇంటివాళ్లకి 'అండీ' అన్న మాట రావడం అదే మొదటిసారి.

ప్రసన్నకుమారి స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు.

"పొద్దున్నే వచ్చేస్తానండి" అంది. "గట్టు మీద ఆ మోటారుసైకిళ్లు లేకుండా చూడండి. నాకు బండి తిప్పుకోడానికి చోటు కావాలి."