షటిల్ కోర్టు పక్కింటి నిద్ర

పొద్దున్న డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి షైనీ ఒళ్ళు కాలవలో నానబెట్టిన కొబ్బరి పీచులా ఉండేది. గంగబాబు ఆటో దిగి, గేటు దగ్గరే చెప్పులు విడిచి, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కునేది. తల్లి సలోమి పళ్ళెం చేతికిచ్చి రోజూ ఒకే మాట అడిగేది.

"రాత్రి ఎంతమంది పుట్టేరే?"

"ముగ్గురమ్మా. ఒకడైతే పుట్టీ పుట్టగానే ఆవలించేడు."

"అదృష్టవంతుడు" అనేది సలోమి.

రాజోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు షైనీ. రాత్రి డ్యూటీ. ఊరంతా లేచే వేళకి ఆమె గది తలుపేసుకుని, కిటికీకి పాత దుప్పటి కట్టుకుని పడుకునేది. అప్పుడు మంచం కిందనించి ఆమె నిద్ర మెల్లగా లేచొచ్చి, ఆమె పొట్ట మీద తల పెట్టుకునేది. అది చూడ్డానికి చిన్న దూడంత ఉండేది. లేత కొబ్బరినీళ్ళ రంగు. దగ్గరికొస్తే ఉతికి ఆరేసిన పక్కబట్టల వాసన. ఆ వాసనలో షైనీ రెప్పలు ఒకదాని మీదకొకటి వాలిపోయేవి.

సరిగ్గా అప్పుడే మొదలయ్యేది.

టక్.

గోడకవతల ముత్యాలరాజు గారి షటిల్ కోర్టు. ఒకప్పుడక్కడ కొబ్బరితోట ఉండేది. తెల్లదోమ పట్టి చెట్లన్నీ మాడిపోతే కొట్టించేసి, ఆయన రేకుల షెడ్డు వేయించేరు. బ్యాటు చప్పుడు ఆ రేకుల కిందనించి బయటికొచ్చేసరికి టపాకాయ పేలినట్టుండేది. దాంతోపాటు బూట్ల కీచుకీచులు, కేకలు. "లైను మీద పడిందండీ, మా అమ్మ మీదొట్టు!" "మీ అమ్మనెందుకు లాగుతావురా, కళ్ళజోడు పెట్టుకుని చూడు!" తెల్లారగట్ల రిటైరైన మాస్టార్లు, తరవాత బ్యాంకు వాళ్ళు, మధ్యాన్నం కాలేజీ కుర్రాళ్ళు, సాయంత్రం కొట్ల వాళ్ళు. ఆఖరికి పొద్దున్న షైనీని ఇంటి దగ్గర దింపిన గంగబాబు కూడా ఆటో పక్కన పెట్టి అక్కడికే వెళ్ళేవాడు.

"నువ్వు కూడానా అన్నయ్యా?" అందొకసారి షైనీ.

"ఏం చెయ్యనమ్మా, ఈ పొట్ట హ్యాండిలుకి అడ్డమొస్తంది" అన్నాడతను సిగ్గుపడుతూ.

ఒక్కో టక్‌కీ నిద్ర చెవులు ఉలిక్కిపడేవి. నాలుగైదు దెబ్బలు ఓర్చుకునేది, పాపం. ఆ తరవాత లేచి నిలబడి, షైనీ వంక తప్పు చేసినదానిలా ఒకసారి చూసి, కిటికీ దుప్పటి ముట్టెతో తోసుకుని వెళ్ళిపోయేది. షైనీ దానిమీద ఎన్నడూ కోపగించుకోలేదు. తనకీ అలా వెళ్ళిపోవాలనే ఉండేది.

కాసేపటికి వీధిలోంచి ఎవరో ఒకరు కేకేసేవారు.

"సలోమి గారూ! మీ అమ్మాయి నిద్ర మా బల్ల కింద దూరిందండీ" అని ఇడ్లీల వీరాయమ్మ గోల. "తింటన్నోళ్ళు తింటన్నట్టే వాలిపోతన్నారు. ఒకాయన మూతి చట్నీలో పెట్టి గురక పెడతన్నాడు. వచ్చి తోలుకెళ్ళండి, మీకు పుణ్యముంటది."

సలోమి షైనీ తలగడ చంకనెట్టుకుని వెళ్ళేది. తలగడ చూపిస్తే చాలు, పచ్చగడ్డి చూసిన దూడలా నిద్ర వెనకాలే వచ్చేది. ఇంటికొచ్చి మంచమెక్కేలోపే మళ్ళీ టక్. మళ్ళీ కిటికీ. ఒకరోజు కాలవగట్టు మీద పడుకుంటే, గాలాలు వేసినవాళ్ళంతా గట్టునే ఒరిగిపోయేరు. చేపలు తీరిగ్గా ఎరలు తినిపోయేయి. ఇంకోరోజు పెళ్ళిచూపుల ఇంట్లోకి వెళ్ళింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నిద్ర లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది, ఆ హడావిడిలో సంబంధం ఖాయమైపోయింది.

సలోమి కోర్టుకి వెళ్ళి అడగని వారం లేదు.

"మా పిల్ల పడుకునే వేళండి రాజుగారూ. పగటిపూట కాస్త ఆపించండి."

"ఆయ్, తప్పకుండానండి. ఆడపిల్ల నిద్ర కంటే ఆట ఎక్కువా అండీ? కూర్చోండి, బొండం కొట్టిస్తాను" అనేవారాయన. ఎంతో మర్యాదగా, కళ్ళలో నీళ్ళు తిరిగేంత నిజంగా అనేవారు. ఆ పూటకి కోర్టు కట్టేసేవారు కూడా. మర్నాడు మళ్ళీ మామూలే. ఆ మనిషిని తిట్టుకుందామంటే సలోమికి నోరొచ్చేది కాదు.

ఆ తరవాత ఒక రాత్రి వార్డులో పొరపాటు జరిగింది. పక్కపక్క మంచాల్లో ఇద్దరు తల్లులు. ఇద్దరికీ ఆడపిల్లలే. షైనీ కళ్ళు మూతలు పడుతుండగా ఒక పాప చేతికి కట్టాల్సిన పేరు పట్టీ రెండో పాప చేతికి కట్టేసింది. పాలు పట్టేలోపే తనే చూసుకుని మార్చింది గానీ, పెద్ద డాక్టరమ్మ గుమ్మంలోంచి చూడనే చూసేరు.

"నువ్వంటే నాకిష్టం షైనీ. పిల్లలు నీ చేతిలో ఏడుపు మానేస్తారు. కానీ ఇంకోసారి ఇలా అయితే నిన్నిక్కడ ఉంచలేను" అన్నారావిడ. అరిచినా బాగుండుననిపించింది షైనీకి. మెత్తగా అన్నారు.

ఆ పొద్దున్న ఆమె ఇడ్లీ ముట్టుకోలేదు. తిన్నగా వెళ్ళి పడుకుంది. ఇవాళ ఒక్కరోజు నిద్రపోకపోతే రాత్రికి తన చేతుల్ని తనే నమ్మలేదు. మంచం కిందకి వంగి చూసింది. నిద్ర అప్పటికే లేదు. పొద్దున్నాటకే బెదిరి వెళ్ళిపోయింది కాబోలు.

అప్పుడు గమనించింది, గోడకవతల చప్పుడు లేదు. ఒక్క టక్ లేదు. రేకుల మీద పావురాలు నడిచే గీకుళ్ళు కూడా వినపడుతున్నాయి. ఇన్నాళ్ళూ కోరుకున్న నిశ్శబ్దం వచ్చేసరికి, అందులో పడుకోడానికి తన దగ్గర నిద్రే లేదు.

కిటికీ దుప్పటి పక్కకి లాగితే, గోడ మీదనించి గంగబాబు తల కనిపించింది. గుసగుసగా పిలిచేడు.

"అమ్మా షైనీ! నీ నిద్ర ఇక్కడుందమ్మా. రాజుగారి ఒళ్ళో."

షైనీ తలగడ పట్టుకుని వెళ్ళింది. షెడ్డు గుమ్మంలో ఆటగాళ్ళంతా బూట్లు చేతుల్లో పట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. నెట్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముత్యాలరాజు గారు. తల ఒక పక్కకి ఒరిగింది. నోరు పసిపిల్లాడిలా కాస్త తెరుచుకుంది. షైనీ నిద్ర ఆయన ఒళ్ళో తల పెట్టుకుని నిశ్చింతగా ఉంది.

"లేపుదామంటే ఎవరికీ చెయ్యి రావట్లేదమ్మా" అన్నాడు గంగబాబు. "ఇంటావిడ నాగమణి గారు పోయేక ఆయన కునుకు తీయడం ఇదే చూడ్డం. ఆవిడ మంచాన పడ్డన్నాళ్ళూ రాత్రీ పగలూ పక్కనే కూచునీవోరు. ఆవిడెళ్ళిపోయేరు, మెలకువ మాత్రం ఈయన్ని వదల్లేదు."

తలగడ ఒక్కసారి ముందుకి చాపితే చాలు, నిద్ర లేచొచ్చేస్తుంది. డాక్టరమ్మ మాట చెవిలో ఉంది. షైనీ దగ్గరికెళ్ళి, అలవాటు కొద్దీ ముందు ఆయన మణికట్టు పట్టుకుంది. రేవులో కట్టేసిన పడవలా నాడి నెమ్మదిగా ఊగుతోంది.

"వస్తన్నా మణీ" అని గొణిగేరాయన నిద్రలో. "వస్తన్నా, మంచినీళ్ళేగా."

షైనీ తలగడ వీపు వెనక్కి దాచేసింది.

అందర్నీ చేత్తోనే సైగ చేసి పంపించేసింది. బల్ల మీద కూర్చుంది. కళ్ళు మండుతుంటే మండనిచ్చింది. ఎండ రేకుల సందుల్లోంచి కోర్టు గీతల మీద పడి, ఆ గీత మీదనించి ఈ గీత మీదకి జరిగింది. మధ్యాన్నానికి ఆయన కళ్ళు తెరిచేరు.

"ఎవరూ, షైనీ తల్లా? ఆట ఆగిపోయిందేంటమ్మా?"

"మీరు పడుకున్నారండి."

ఆయన ఒళ్ళోకి చూసుకుని, పరాయి సొమ్ము ముట్టుకున్నవాడిలా గాభరాపడిపోయేరు. "అయ్యయ్యో, ఇది మీదమ్మా! నేను పిలవలేదు తల్లీ. అదే వచ్చింది."

"తెలుసండి. మరి మా అమ్మ అన్నిసార్లు అడిగింది కదండి. ఒక్క పూట ఆపి, మళ్ళీ ఎందుకు పెట్టేవారు?"

ఆయన కండువా కొస వేలికి చుట్టుకున్నారు.

"ఆపేకే తెలిసేదమ్మా. అందర్నీ పంపేసి ఇంట్లో కూచునేవాణ్ణి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆవిడ పిలుస్తది. మంచినీళ్ళంటది. గ్లాసు పట్టుకుని వెళ్తే మంచం ఖాళీ. ఈ చప్పుడుంటే ఆ పిలుపు వినపడదు. అందుకే మర్నాడు మళ్ళీ వీళ్ళని నేనే బతిమాలి పిలిచేవాణ్ణి. మీ ఇంట్లో ఏమవుతుందో తెలిసే చేసేను తల్లీ."

షైనీ నిద్ర మెడ కింద గోకుతూ ఆలోచించింది.

"రాత్రిళ్ళు ఇది ఖాళీయేనండి. నేను డ్యూటీలో ఉంటాను, మంచం కింద ఊరికే పడుంటది. రాత్రి మీ దగ్గరుంచుకోండి. పొద్దున్నే పంపేయండి. నేను లేచేదాకా మాత్రం ఇక్కడ ఆట వద్దు."

"ఒకళ్ళ నిద్ర ఇద్దరికి సరిపోద్దా అమ్మా?"

"మా వార్డులో ఒక తల్లి పాలు ఇద్దరు పిల్లలకి పట్టిన రోజులున్నాయండి. ఇద్దరూ బాగానే పెరుగుతున్నారు."

ఆయన పైకండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మిగిలిన ఆ కాస్త పగలు షైనీ ఇంటికెళ్ళి పడుకుంది. చేతిలో దీపం కొండెక్కకుండా కాపాడుకున్నట్టు ఆ కాస్త నిద్రనీ కాపాడుకుని, రాత్రి వార్డుకి వెళ్ళి, అందరు పాపల పేర్లూ సరిగ్గా కట్టింది.

అప్పట్నించీ అదే వాడుకైపోయింది. ఆటలు తెల్లారగట్ల కొంచెం, సాయంత్రం కొంచెం. రాత్రి డ్యూటీకి వెళ్ళే షైనీ ఆటో వీధి మలుపు తిరగ్గానే కోర్టు దీపాలు ఆరేవి, సలోమి కిటికీ తీసేది. నిద్ర గోడ దాటి రాజుగారింటికి వెళ్ళేది. పొద్దున్న తిరిగొచ్చేది. కాకపోతే దానికి ఆయన కలలు కొంచెం కొంచెం అంటుకుని వచ్చేవి, దూడ ఒంటికి పల్లేరుకాయలు పట్టినట్టు. షైనీ కలలోకి మాడిపోకముందటి తోట వచ్చేది. చెట్ల నీడలో తడి జుట్టు ఆరబెట్టుకుంటూ నాగమణి గారుండేవారు. బతికుండగా గోడ మీదనించి కరివేపాకు అందివ్వడం తప్ప ఆవిడతో షైనీకి మాటల్లేవు. కలలో మాత్రం చనువుగా నవ్వేవారు.

ఒకరోజు కలలో ఆవిడ మంచం అంచున కూర్చుని అడిగేరు.

"ఆయన పడుకుంటన్నారా అమ్మాయ్?"

"పడుకుంటన్నారండి. బాగా పడుకుంటన్నారు."

"మరైతే నేనెళ్ళొస్తాను. ఇన్నాళ్ళూ ఆయన మంచినీళ్ళు తెస్తారు గదాని ఉండిపోయేను." జుట్టు ముడేసుకుని, తోటలోంచి కాలవ వైపు నడిచి వెళ్ళిపోయేరు.

ఆ సాయంత్రం షైనీ డ్యూటీకి బయల్దేరుతుంటే ముత్యాలరాజు గారు గోడ దగ్గరికొచ్చేరు.

"ఈ రాత్రికి పంపకండమ్మా. నాది వచ్చేసింది."

షైనీ గోడ మీదనించి చూసింది. ఆయన అరుగు మీద ఒక ముసలి నిద్ర పడుకుని ఉంది. ఎముకలు తేలి, కాళ్ళనిండా గోదారి లంకల బురదతో. చాలా దూరం తిరిగొచ్చినట్టుంది. ఆయన దాని పక్కన చెంబుతో నీళ్ళు పెట్టేరు.

"ప్రభువుకి స్తోత్రం" అంది సలోమి. కానీ ఆటో ఎక్కబోతున్న కూతురి చెవిలో నెమ్మదిగా అంది. "ఇంక ఆయనకి మనతో పనేముందే?"

ఆ మాట రాత్రంతా షైనీని వదల్లేదు. పొద్దున్న పడుకుని, నిద్ర తల పొట్ట మీద ఆనుతుంటే, గోడవైపే చెవి పెట్టింది. షెడ్డు తలుపు కిర్రుమంది. గంగబాబు గొంతు వినపడింది.

"ఒక్క గేమేనండి రాజుగారూ. పొట్ట చూడండి ఎలాగయిపోయిందో."

"సాయంత్రం రా నాయనా" అంటున్నారాయన, చిన్న గొంతుతో. "పక్కింట్లో అమ్మాయి పడుకుంది."