తిథిని బట్టి నడచిన ట్రాము

వర్షావసానమున మబ్బు తునుకయైన లేక నిర్మలమైన శరదాకాశము క్రింద ఉప్పుటేటి యొడ్డున వెలసిన నీలతీర్థ నగరము ఆ పున్నమినాటి ప్రాతఃకాలమున పెండ్లివారిల్లువలె కలకలలాడుచుండెను. రైలుస్టేషను మొదలుకొని అంగడివీథి మీదుగా ఏటిరేవు వఱకు మూడుమైళ్ల పొడవున నూతనముగా వేయబడిన ఇనుపపట్టాలు బాలభానుకిరణములు సోకి తళతళ మెఱయుచుండెను. మేడలపై స్త్రీలును గోడలపై పిల్లలును అరుగులపై వృద్ధులును నిలిచి విద్యుచ్ఛకటమును చూచుటకై మెడలు నిక్కించుచుండిరి.

నావకును ట్రామునకును రైలునకును ఒకటే టిక్కెట్టు! ఈ యూహ పురపాలకసంఘపు ఇంజనీరగు వడ్డాది సోమసుందరముగారిది. ఏటికావలి నల్లదీవి స్త్రీలు చేపలగంపలు నెత్తి నిడుకొని రైలుకొఱకు మూడుమైళ్లు పరుగులిడుట చూచిననాటినుండి ఆయన మనసు మనసులో లేదు. సంఘాధ్యక్షులగు కూర్మనాథముగారు మాత్ర మొక మెలిక పెట్టిరి.

"ఆఱుదినములు నడపి చూడుడు. ఆఱవనాటికి నావజనము ట్రామెక్కకున్నచో రేవుదారి పట్టాలు పెఱికించెదను."

తొలినాడు పండుగే పండుగ. ఎనిమిదిగంటలకు ట్రాము రేవు చేరుటయు నల్లదీవి నావ ఒడ్డు తగులుటయు ఏకకాలమున సంభవింపగా జనుల కేకలకు జట్కాగుఱ్ఱములు సైతము బెదరెను. మఱునాడు ట్రాము మరలిన పిమ్మట గాని నావ రాదాయెను. ఆ పై దినము మఱింత యాలస్యము. చవితినాటికి ట్రాము ఖాళీగా గంట వాయించుకొనుచు వచ్చి ఖాళీగానే మరలుచుండుటచే ఊరివారు దానికి గాలిబండి యని పేరు పెట్టిరి. సోమసుందరముగారు గడియారము చేతబట్టుకొని రేవుమెట్లపై కూలబడిరి. గంటలు గడచి ఎట్టకేలకు నావ వచ్చినంతనే ఆయన దానిని నడపు వృద్ధుడగు సూరాడ గురవయ్యను నిలదీసిరి.

"నాలుగుదినములుగా ఈ యాలస్యమేమి గురవయ్యా?"

"ఆలీసం నాది కాదు బాబూ. పోటొత్తేనే గదా నావ రేవుకొచ్చేది! పున్నంనాడు ఎనిమిదింటికొచ్చిన పోటు తిథికి రెండేసి గడియలు యెనక్కి జరుగుతాది. ఏరు మీ గడియారం మాట ఇంటాదేటి?"

"ముందే చెప్పరాదా!"

"సదువుకున్నోరు గదా, మీకు తెల్దనుకోనేదు బాబూ."

ఇంజనీరుగారికి తల తిరిగినంత పనియయ్యెను. శుభదిన మని ప్రారంభోత్సవమునకు పున్నమినే యెంచిరి. అంతకుముందు రెండుమాఱులు జరిపిన పరీక్షలును పున్నమినాడే! ముహూర్తమునకై పంచాంగము తిరుగవేసిన ప్రాజ్ఞుడు కాలపట్టికకై దానిని ముట్టనైన లేదు. సిగ్గును సంతోషమును ఒక్కసారి ముప్పిరిగొనగా ఆయన వ్రేళ్లపై లెక్కించిరి. రెండుగడియ లనగా నలువదియెనిమిది నిమిషములు. ఱేపు పంచమి. పోటు సరిగా పండ్రెండుగంటలకు!

"ఇనుపబండికి తిథులేమిటయ్యా!" యని గొణుగుచునే మఱునాటి మధ్యాహ్నము కూర్మనాథముగారు గొడుగు పట్టించుకొని రేవునకు వచ్చిరి. అది యాఱవదినము. ఖాళీ ట్రాము రేవున నిలిచియుండెను. ఊరు ఊరంతయు ఎండలో ఊపిరి బిగబట్టెను. అంతలో బురదపఱ్ఱపై సన్నని నీటిజాలు ప్రాకెను. చూచుచుండగనే ఏరు నిండెను. తెఱచాప యెత్తిన నల్లదీవి నావ వంపు తిరిగి సూటిగా రేవునకు వచ్చుటయు ఆబాలవృద్ధులును ఒక్క గొంతుతో ఆర్చిరి.

గురవయ్య భార్య నూకాలమ్మ ముందుగా దిగి గంపను ట్రాములో దింపి బెదరుచు బెదరుచు బల్లపై కూర్చుండెను. వెనుక నలువదిమంది. అధ్యక్షులవారును గంపల నడుమ పంచె యెగగట్టుకొని ఎక్కక తప్పలేదు. గంట మ్రోగెను. అంగడివీథి గిఱ్ఱున వెనుకకు పోయెను. ఒంటిగంట రైలు కదలుటకు ఇంకను అరగంట యుండగనే వారెల్లరు స్టేషనులో నుండిరి.

"పట్టాలు ఉండనిండు. రేవున తిథులపట్టిక యొకటి వ్రాయింపుడు" అని కూర్మనాథముగారు నవ్వుచు దిగిరి.

గంప రైలులో చేర్చి నూకాలమ్మ నిలిచియుండగా కండక్టరు పరుగుపరుగున వచ్చి బల్లపై మఱచిన చుట్టకుదురును చూపెను. నలువది యేండ్లు ఆమె నెత్తికిని గంపకును నడుమ నుండిన పాతగుడ్డ యది. ఆమె దానిని చూచి తల తడవుకొనెను.

"మర్సిపోనేదు బాబూ. దానికింక పని నేదు. మీ బండిలోనే ఉండనీ."