నేల కడగకూడని రోజు

సూప్‌లోకి బీట్‌రూట్ తరుగుతున్న ఇంగా చేతులు చూశాను. పదహారేళ్ళ పిల్ల చేతులు కావవి. సోడాతో గిన్నెలు తోమీ తోమీ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉబ్బిపోయాయి. ఆ సాయంత్రమే నా ప్రయాణం. వంటింట్లోనే ఒక మూల కూర్చుని సంచులు సర్దుకుంటున్నాను.

"ఏం, కొత్తగా చూస్తున్నావా కూతుర్ని? నువ్వు ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో ఎవరో ఒకరు చెయ్యాలిగా" అంది మా అత్తగారు క్లావ్దియా.

ఊళ్ళు తిరగడమట! ఇస్తాంబుల్‌లో నేను చూసిందల్లా తోలు కోట్ల దుకాణాలు. సరుకు తెచ్చి ఇక్కడ వొరోనెజ్ సంతలో అమ్ముతాను. మా బస్సు నిండా ఆడవాళ్ళే. నా పక్క సీటులో పిల్లల డాక్టరు, వెనక ఫిజిక్సు టీచరు. నేను వంతెనల లెక్కలు కట్టిన ఇంజనీరుని. అందరి ఒళ్ళోనూ అవే గళ్ళ సంచులు. రుమేనియా సరిహద్దులో గంటల తరబడి ఆపేస్తే, మరుగు లేక ఒకరికొకరం దుప్పటి అడ్డం పట్టుకుంటాం. పాత కమ్యూనిస్టు రాజ్యం కూలింది, కొత్త కాలం వచ్చింది అని టీవీలో మగవాళ్ళు వాదించుకుంటుంటారు. ఆ కొత్త కాలాన్ని వీపున మోసుకొచ్చేది మేము. మా మగవాళ్ళు సోఫాల మీద పడుకుని పోయిన దేశం కోసం ఏడుస్తుంటారు. వాళ్ళ దుఃఖం అబద్ధమనను. కానీ ఏడ్చేవాడికి కూడా పూటపూటకీ సూప్ కావాలి కదా. దేశం నాకూ పోయింది, ఏడవడానికే తీరిక దొరకలేదు.

మా ఆయన గెన్నాదికి పరిశోధనాలయంలో ఉద్యోగం పేరుకే మిగిలింది. "నేను శాస్త్రవేత్తని. సంతలో నిలబడి అరవలేను" అంటాడు, నేను తెచ్చిన బూట్లు తొడుక్కునే. మొదటిసారి నేను తిరిగొచ్చినప్పుడు ముద్దు పెట్టుకోబోయి మొహం తిప్పుకున్నాడు. "తోలు కంపు కొడుతున్నావు రిమ్మా" అన్నాడు. అదీ మింగాను.

పక్క గదిలో సోఫా మీంచి ఇప్పుడు కేకేశాడు.

"చెప్పడం మర్చిపోయా. ఇంగా ఈ ఏడు కుర్స్క్ నర్సింగ్ స్కూలుకి వెళ్ళదు. నువ్వు సగం నెల ఉండవు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో ఒక ఆడమనిషి ఉండాలి."

"దానికి సీటొచ్చింది గెన్నాదీ. హాస్టలు కూడా ఇస్తామన్నారు."

"సీటెక్కడికి పోతుంది? వచ్చే ఏడు చూద్దాం."

"మేం యుద్ధంలో ఫ్యాక్టరీకీ వెళ్ళాం, ఇంటికొచ్చి బట్టలూ ఉతికాం. చచ్చామా?" అంది అత్తగారు.

ఇంగా తలెత్తలేదు. బీట్‌రూట్ తరుగుతూనే ఉంది. నాకు భయం వేసింది. అరిచి ఏడ్చినా బాగుండేది.

"కత్తి అక్కడ పెట్టు. నీ బట్టలూ సర్టిఫికెట్లూ తీసుకో. బస్సు కుర్స్క్ మీదుగానే పోతుంది, నిన్ను స్కూల్లో దింపి వెళ్తాను" అన్నాను.

ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. అయినా బయల్దేరే వేళకి, ప్రయాణానికి ముందు అందరూ కాసేపు కూర్చోవాలనే అలవాటు కొద్దీ నలుగురం కూర్చున్నాం. ఇంగా బూట్ల మట్టి నేలంతా అంటింది. పిల్ల తుడవబోతే అత్తగారు కసిరింది.

"ముట్టుకోకు! మీరు క్షేమంగా చేరేదాకా నేల కడగకూడదు. శవం లేచిన ఇంట్లోనే వెంటనే కడిగేది, పోయినవాళ్ళు మళ్ళీ రాకుండా."

నేను లేచి సంచీ భుజానికెత్తుకున్నాను.

"మేం గుమ్మం దాటగానే కడిగెయ్యి గెన్నాదీ."

అత్తగారు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఆయన నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, నేలని చూశాడు. పదిహేడేళ్ళ కాపురం. ఉండమంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను, అబద్ధమెందుకు.

"నేల తుడిచే గుడ్డ ఎక్కడుంటుంది?" అన్నాడు.

ఇంగా చెప్పబోయింది. దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.