యశోద కలిపిన ముద్ద

జనగామ స్టేషన్ రోడ్డులో కొన్నాళ్లపాటు కొత్త కోడళ్లకు యశోదను చూపించి బుద్ధులు చెప్పేవారు. "మొగన్ని ఎట్ల చూసుకోవాల్నో ఆమెను చూసి నేర్చుకోండ్రి" అనేవారు. చెప్పేవాళ్ల సొమ్మేం పోయింది? మూడున్నరేళ్లు, రోజుకు మూడు పూటలు, ఆమె భర్త వెంకటనర్సయ్యకు అన్నం కలిపి నోట్లో పెట్టింది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఒక్క పూట తప్పలేదు. తప్పిన పూట ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఆమె కుమిలిపోయింది. ఆ సంగతి మాత్రం ఎవరూ కోడళ్లకు చెప్పలేదు.

వెంకటనర్సయ్యది పల్లికాయ, కందుల హోల్‌సేల్ దుకాణం. మనిషి మహా మొండి. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్నప్పుడు దుకాణం మూసేసి ఊరేగింపులోకి పోయాడు. లాఠీ దెబ్బకు కుడి మణికట్టు విరిగింది. పిండికట్టుతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి యశోద ప్రాణం ఉసూరుమంది. అన్నం కలిపి, ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకు చెయ్యి లేదా?" అన్నాడు.

చెంచా తెప్పించుకుని, ఎడమ చేత్తో సగం తిని సగం పారబోసుకుని, నెల రోజులు అట్లాగే గడిపాడు. ఎడమ చేత్తో తినడం ఆ ఇంట్లో మహా తప్పు. అయినా ఆయన లెక్కచేయలేదు. తప్పయినా చేస్తాడు గాని భార్య చేతి ముద్ద తినడన్న మాట. పెళ్లయి పదహారేళ్లయినా తన అక్కర ఆయనకు ఇంతేనా అనుకుంది యశోద. ఎవరికీ చెప్పుకోలేదు, మరిచిపోనూ లేదు.

డెబ్బైఎనిమిదిలో డాక్టరు బీపీ ఉందని గోలీలు రాశాడు. తలనొప్పి తగ్గేదాకా వేసుకుని ఆపేశాడు వెంకటనర్సయ్య. నొప్పి లేనివాడికి మందెందుకన్నాడు. ఆవకాయ మానలేదు, జర్దా మానలేదు. ఎనభైఒకటి మాఘమాసంలో ఒక పొద్దున కందులు తూస్తూ తూస్తూ కాంటా ముందే కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట ముద్దయింది. కొడుకు రామచందర్ దుకాణం వదిలేసి ఆయన్ను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ పక్క మంచం మీద బచ్చన్నపేట దిక్కు నుంచి వచ్చిన కాటమయ్య ఉన్నాడు. కల్లు గీసేవాడు. ఆయనకూ అదే వారంలో, అదే కుడివైపు పడిపోయింది. ఆయన భార్య గట్టమ్మ, యశోద ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకున్నారు, ఒకరి ముందు ఒకరు ఏడ్చుకున్నారు. అరుంధతి అనే చిన్న వయసు డాక్టరమ్మ వాళ్ల దగ్గరికి వచ్చింది. పక్షవాతం ఎవరికి వస్తున్నది, ఎందుకు వస్తున్నది, వచ్చినవాళ్లు ఎట్లా కోలుకుంటున్నారు అని పరిశోధన చేస్తున్నదట. ఆర్నెల్లకోసారి మీ ఇళ్లకు వచ్చి చూసి రాసుకుంటానంది. వాళ్లు సరేనన్నారు. ఆమె దగ్గర పిడికిట్లో పట్టి నొక్కితే ముల్లు తిరిగే చిన్న యంత్రం ఉండేది. చేతిలో ఎంత బలముందో ఆ ముల్లు చెప్తుంది. ఇంటికి పంపే రోజున ఇద్దరి చేతా పడిపోయిన చేత్తోనే నొక్కించింది. ఇద్దరికీ ముల్లు నాలుగు మీదికి వచ్చి ఆగింది. ఆ నాలుగును యశోద చివరిదాకా మరిచిపోలేదు.

పొద్దూమాపూ నూనె రాసి కాళ్లూ చేతులూ రుద్దమని చెప్పి పంపారు. యశోద రుద్దింది. చుట్టాలు పావురం నెత్తురు మంచిదంటే ముక్కు మూసుకుని అదీ రాసింది. గాలి తగలొద్దంటే కిటికీలు మూసింది. ఎవరేం చెప్తే అది చేసింది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. పప్పన్నం కలిపి కంచం ఆయన ముందు పెట్టి, యశోద నీళ్లకని లేచింది. తిరిగి వచ్చేసరికి వెంకటనర్సయ్య కుడి చెయ్యి కంచంలో ఉంది. ఎవరూ ఎత్తి పెట్టలేదు, దానంతట అదే పోయింది. వేళ్లు సగం ముడుచుకుని నాలుగు మెతుకులు పట్టుకున్నాయి. చెయ్యి వణుక్కుంటూ రొమ్ము దాకా లేచింది. అక్కడ ఓడిపోయింది. అన్నం ధోతి మీద పడింది. ఆయన మళ్లీ చెయ్యి కంచంలోకి జరిపాడు. నుదుటి మీద చెమట, కళ్లల్లో పంతం. లాఠీ దెబ్బ తిన్న నాటి పంతమే అది.

యశోద చూడలేకపోయింది. గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, కడిగి, కొంగుతో తుడిచి, ఉతికిన బట్ట మడతపెట్టినట్టు ఆయన ఒడిలో పెట్టింది.

"ఎందుకు గింత పరేషాన్? నేను లేనా?" అంది.

వెంకటనర్సయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. నిజం చెప్పాలంటే ఆ ముద్ద పెడుతున్నప్పుడు యశోద గుండె నిండిపోయింది. పన్నెండేళ్ల కింద ముఖం తిప్పుకున్న మనిషి ఇప్పుడు నోరు తెరిచాడు. అది సంతోషమేనని, అందులో కొంచెం గెలుపు కూడా ఉందని ఆమె అప్పుడు ఒప్పుకుని ఉండేది కాదు.

తర్వాత ఆయన రెండు మూడుసార్లు ఎడమ చెయ్యి చాపాడు. "ఎడమ చేత్తోనా? నేను లేనా?" అని దాన్నీ వెనక్కి పెట్టింది. లేచి నిలబడబోతే పడతాడని పట్టుకుని కూర్చోబెట్టింది. చెంబు అందుకోబోతే తానే అందించింది. ఏడాది తిరిగేసరికి ఆయన దేనికీ చెయ్యి చాపడం మానేశాడు.

అరుంధతి మాట ప్రకారం ఆర్నెల్లకోసారి వచ్చేది. ముల్లు నాలుగు నుంచి మూడుకు దిగింది. మూడు నుంచి ఒకటికి. ఆ తర్వాత కదల్లేదు. వచ్చినప్పుడల్లా కాగితం చూసి అవే ప్రశ్నలు అడిగేది. స్నానం ఎవరు చేయిస్తరు? అన్నం ఎవరు తినిపిస్తరు?

"నేనే" అనేది యశోద, తల కొంచెం ఎత్తి. డాక్టరమ్మ రాసుకునేది.

ఎనభైనాలుగు ఆషాఢంలో అరుంధతి ఆఖరిసారి వచ్చింది. వానలకు బచ్చన్నపేట దిక్కు బస్సులు సరిగ్గా నడవడం లేదు. తానే ఊరికి పోవడం కష్టమని, ఫలానా రోజు జనగామలో వెంకటనర్సయ్య సేటు ఇంటికి రమ్మని కాటమయ్యకు ముందే కార్డు రాసింది.

కాటమయ్య గట్టమ్మతో కలిసి వచ్చాడు. ఆయన్ను ఎవరూ ఎత్తుకుని తేలేదు, బండి మీద తేలేదు. బస్టాండు నుంచి కట్టె పట్టుకుని, కుడి కాలు కొంచెం ఈడ్చుకుంటూ నడిచి వచ్చాడు. కుడి చేతిలో తాళ్ల కట్ట ఉంది. "బస్తాలు కట్టనీకె పనికొస్తయి సేటూ, నేనే పేనిన" అని వెంకటనర్సయ్య ముందు పెట్టాడు. వెంకటనర్సయ్య ఆ తాళ్లను చూశాడు, ఆ చేతిని చూశాడు. అరుంధతి యంత్రం ఇస్తే కాటమయ్య నొక్కాడు. ముల్లు పద్దెనిమిది దాటింది.

యశోద గట్టమ్మను వంటింట్లోకి తీసుకుపోయింది. కాటమయ్య నడకను ఆమె ఓర్వలేకపోయింది. అది అసూయ అని ఆమెకు తెలుసు.

"ఏ మందు వాడినవ్ గట్టమ్మా? ఏ దేవునికి మొక్కినవ్? దాచకుంట చెప్పు."

గట్టమ్మ తల వంచుకుంది. "మందేడిదమ్మా. నేను పాపపుదాన్ని. కూలికి పోకుంటె పొయ్యి మీద కుండ ఎక్కది. పొద్దుగాల గంజి గిన్నె మూలకు పెట్టి, జనుప నార ఇంత ముందలేసి, పేనుకుంట కూసో అని పోయేదాన్ని. ఆకలైతె పాక్కుంట పోయి తాగేటోడు. సగం నేల పాలు. పొద్దుగూకి నేనొస్తె నోటికొచ్చినట్టు తిట్టేటోడు. నాలెక్క మొగన్ని ఎవ్వలన్న ఇడిసిపెట్టి పోతరా? నువ్వు సేటును పువ్వోలె చూసుకుంటివి. నాకు నిన్ను చూస్తె సిగ్గయితది."

గట్టమ్మ చెప్పిన పాపాలు ఒక్కొక్కటిగా యశోద లోపలికి దిగాయి. వంటింట్లోంచి వచ్చి డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది.

"డాక్టరమ్మా, నేను తినిపియ్యకపోతె ఈయన చెయ్యి వచ్చేదా?"

అరుంధతి కలం మూత పెట్టింది. "ఖచ్చితంగ చెప్పలేనమ్మా. ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. కానీ మేం చూసినోళ్లల్ల, ఇంట్లోళ్లు అన్నీ చేసిపెట్టినోళ్లకు చేతులు చాలవరకు అట్లనే పోయినయి. తప్పక సొంతంగ చేసుకున్నోళ్లకు ఎంతో కొంత తిరిగొచ్చినయి. కదలాలని చూసే చేతిని కదలనియ్యాలె. మొదటి ఆర్నెల్లు ముఖ్యం."

"మరి మొదాల్నే ఎందుకు చెప్పలే? వచ్చినప్పుడల్ల రాసుకొని పోతివి గద."

"అప్పుడు నాకు తెల్వదమ్మా. తెలుసుకోనీకె వచ్చిన." ఆమె గొంతు తగ్గింది. "మీ ఇంట్లనే తెలుసుకున్న. రెండో ఏడు అనుమానమొచ్చింది. నోటిదాక వచ్చింది. మీరు అంత ప్రేమగ పెడుతుంటె వద్దని ఎట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న. అది నా తప్పు."

యశోదకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. పప్పన్నంలో పడి లేచిన ఆ చెయ్యి, దాన్ని కడిగి మడతపెట్టిన తన చెయ్యి కళ్ల ముందు కనబడ్డాయి. ఆ రోజు నీళ్లు తెచ్చేది ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏం పోయేది?

"ఇప్పుడన్న మొదలుపెట్టొచ్చా?" అని అడిగింది.

"చూడొచ్చమ్మా" అంది అరుంధతి. యంత్రాన్ని సంచిలో సర్దుకుంది.

మర్నాడు మధ్యాహ్నం యశోద పప్పన్నం మెత్తగా కలిపి, కంచం వెంకటనర్సయ్య ముందు పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

"మీ చేత్తోని తినుండ్రి. ఎడమ చేత్తోనైనా మంచిదే. పడ్డా మంచిదే" అని చెప్పి వంటింటి గడప దగ్గర గోడవైపు తిరిగి నిలబడింది. చేతులు ఊరుకోకపోతే కొంగును రెండు పిడికిళ్లలో బిగపట్టింది.

కంచం చప్పుడు కోసం చెవులు పెట్టి విన్నది. దుకాణంలోంచి రామచందర్ ఎవరితోనో మాట్లాడడం వినిపిస్తోంది. బయట వాన చినుకులు మొదలయ్యాయి. కంచం మాత్రం చప్పుడు చేయలేదు. నాలుగు మెతుకులైనా కింద పడితే చాలునని ఆమె ఎంతమంది దేవుళ్లకు మొక్కుకుందో. చివరికి ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. వెంకటనర్సయ్య కుడి చెయ్యి ఒడిలో ఉంది. ఏ జబ్బూ లేని ఎడమ చెయ్యి కూడా దాని పక్కనే, ఆమె రోజూ సర్దిపెట్టినట్టే ఉంది. ఆయన నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి తెరిచి ఉంచాడో, పెదవి చివర నుంచి చొంగ కారుతోంది.

ఆమెను చూశాక నోరు మూసి, ముద్దయిన మాటను కూడబలుక్కుని అడిగాడు.

"నువ్వు లేవా?"