నూనె లేని పెసరట్టు

నేను ఒక అట్ల పెనాన్ని. పోత ఇనుముతో పుట్టినదాన్ని, బరువైనదాన్ని, కాస్త పొగరు కూడా ఉన్నదాన్ని. విజయనగరం దగ్గర ఒక షెడ్డులో నన్ను పోత పోస్తుండగా ఆ పోసేవాడికి తుమ్ము వచ్చింది. చెయ్యి కదిలి నా నడిమధ్య శనగగింజంత గుంట మిగిలిపోయింది. "అట్టేగా, ఎవడు చూస్తాడు" అని అతను నన్ను మిగతా పెనాల మీదికి విసిరేశాడు. అప్పటినుంచి నా మీద కాలిన ప్రతి అట్టుకీ మధ్యలో ఒక చిన్న బొడిపె వస్తుంది. తుమ్మినవాడు ఆ రోజే మరిచిపోయి ఉంటాడు. నేను మాత్రం ముప్పై ఏళ్ళుగా అతని తుమ్మును అచ్చు వేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా మీద అట్లు వేసే గున్నమ్మ ఉందే, నన్ను కొన్నది ఆమె అత్తగారు. శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్ళి, పోర్ట్ బ్లెయిర్ రేవులో పనిచేసేవాళ్ళకు అట్లు వేసి బతికిన మనిషి. విశాఖలో ఓడ ఎక్కేటప్పుడు బట్టల మూట కూలీకి ఇచ్చి, నన్ను మాత్రం చంకలో పెట్టుకుంది. మొదటి అట్టు వేసే ముందు వారం రోజులు బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టింది. రోజూ కాల్చి, నూనె పట్టించి, ఉల్లిపాయ చెక్కతో రుద్దింది. నా దగ్గర సబ్బు పేరు ఎత్తకూడదు. నా మీద చపాతీ కాల్చకూడదు. ఒకసారి ఆకలికి ఆగలేక కొడుకు కాల్చాడు. ఆవిడ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. నాకు మాత్రం మూడు పూటలా నూనె పెట్టింది. అలాంటి ఇంట్లో నేను నల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ పెరిగాను. ఆవిడ పోయాక గున్నమ్మ చేతికి వచ్చాను.

ఆ తర్వాత గున్నమ్మకు అక్కడికి దగ్గర్లోని నీల్ దీవిలో ఒక హోటల్లో వంటపని దొరికింది. నేనూ ఆమెతో పడవెక్కాను. ఆ హోటలు పేరు 'తేలిక'. కొబ్బరిచెట్ల కింద నాలుగు బల్లలు, ఎదురుగా సముద్రం. గుమ్మంలో ఒక తూకం యంత్రం, దాని పక్కన బోర్డు: 'నూనె లేదు. పంచదార లేదు. మైదా లేదు.' ఒక పెద్దాయన ఆ బోర్డు మొత్తం చదివి, "మరి ఉన్నదేమిటో చెప్పండి నాయనా" అని అడిగాడు. కొబ్బరి చిప్పలో రాగి జావ ఉంది, బొప్పాయి ముక్కలు ఉన్నాయి, నా మీద వేసిన పెసరట్టు ఉంది.

యజమాని శశిధర్‌ది గుంటూరు. ఒకప్పుడు నూట పన్నెండు కిలోలు ఉండేవాడట. నాలుగేళ్ళు కష్టపడి డెబ్బై రెండుకు దిగాడు. నూనె సీసా చూస్తే చాలు, ఆ పాత మనిషి తలుపు తట్టి లోపలికి వచ్చేస్తాడేమోనని అతనికి భయం. ఆ భయాన్నే బోర్డు మీద సిద్ధాంతంగా రాసుకున్నాడు. నూనె చుక్క లేకుండా పెసరట్టు అంత నున్నగా ఎలా లేస్తుందో వచ్చినవాళ్ళకు రోజూ ఉపన్యాసం చెప్పేవాడు. సముద్రపు గాలి అనేవాడు, నిప్పు సెగలో ఉన్న సమతుల్యం అనేవాడు. నా ఒంట్లో ఇంకిన ముప్పై ఏళ్ళ నూనె సంగతి అతనికి తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒకరోజు అతను నన్ను వేలితో గీరి చూశాడు. వేలు నల్లబడింది.

"గున్నమ్మగారూ, ఇదంతా పాత జిడ్డు!"

"జిడ్డు కాదు బాబూ. అది మా అత్త సేతి పని. దాన్ని ముట్టుకోకండి."

ఆమె సంతకు వెళ్ళగానే అతను ముట్టుకున్నాడు. సబ్బు రసాయనం కాబట్టి వాడలేదు. కుంకుడురసం, కొబ్బరి పీచు, సముద్రపు ఇసుక తెచ్చాడు. సహజమైన వస్తువులతోనే నా తోలు వొలిచాడు. గంటన్నర తర్వాత నేను బూడిద రంగులో, కొత్తగా గుండు కొట్టించుకున్న తలలా మిగిలాను. అతను నన్ను ఎండలో పెట్టి ఫోటో కూడా తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇనుముకు ఏడుపొస్తే తుప్పు పడుతుందని ఆపుకున్నాను.

మర్నాడు ఒక్క అట్టు లేవలేదు. గరిటెతో గీకితే పొడుం వచ్చింది. శశిధర్ దాన్నే కొబ్బరి చిప్పలో వేసి, పైన దానిమ్మ గింజలు చల్లి, కొత్త వంటకమని చెప్పాడు. వచ్చినవాళ్ళు మర్యాదస్థులు కాబట్టి తిన్నారు. కానీ ఎల్లుండి రావలసిన జట్టు అలాంటిది కాదు. రాజమండ్రి ఉదయపు నడక సంఘం, పద్దెనిమిది మంది, ఐదు రోజుల టిఫిను. వాళ్ళు ముందే ఉత్తరం రాశారు, పెసరట్టు కోసమే వస్తున్నామని.

"పెనం పాడైపోయింది. పోర్ట్ బ్లెయిర్‌లో నాన్‌స్టిక్ పెనం చెప్పాను. దాన్ని వాడే కుర్ర వంటవాణ్ణి కూడా మాట్లాడాను," అన్నాడు శశిధర్, ఆమె ముఖం చూడకుండా. "నడక సంఘం వచ్చిన రోజు అట్టు రాకపోతే మీరు వెళ్ళిపోవాలి గున్నమ్మగారూ. నన్ను తప్పుగా అనుకోవద్దు."

తోలు వొలిచినవాడు అతను, వెళ్ళవలసింది ఆమె. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది, నేను ముప్పై ఏళ్ళు వంటింట్లోనే ఉన్నాను.

గున్నమ్మ ఆ రెండు మధ్యాహ్నాలూ హోటలు మూశాక నన్ను పొయ్యి మీద పెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు, సెగ, నువ్వులనూనె, ఉల్లిపాయ చెక్క, మళ్ళీ సెగ. చేతులు బొబ్బలెక్కాయి. "లెగే తల్లీ, నన్ను రోడ్డు పాలు సెయ్యకే," అని నాతో మాట్లాడింది. ముప్పై ఏళ్ళ పని రెండు రోజుల్లో కాదు. అయినా నేను చేతనైనంత నూనె తాగాను.

నడక సంఘం సముద్రపు ఒడ్డున నడిచి నడిచి, ఏడింటికి ఆకలితో వచ్చింది. అధ్యక్షురాలు హైమావతిగారు, ఒకప్పటి డ్రిల్లు టీచరు, ఇప్పటికీ మెడలో ఈల. ఈల ఊదితే సభ్యులు కూర్చున్నారు. గున్నమ్మ మొదటి గరిటె పిండి పోసి తిప్పింది. అంచు లేచింది. నడుమ నా గుంట దగ్గర ఒక్క క్షణం పట్టుకున్నాను, ఆమె ఊపిరి బిగబట్టింది, వదిలేశాను. అట్టు అప్పడంలా లేచి పళ్ళెంలో పడింది.

హైమావతిగారు రెండు తిని, మూడోదానికి వంటగదిలోకే వచ్చారు. "నిజం చెప్పమ్మా. నూనె లేకుండా ఇది రాదు. నేనూ నలభై ఏళ్ళు అట్లు పోశాను."

శశిధర్ సముద్రపు గాలి గురించి మొదలుపెట్టబోయి ఆగాడు. పొయ్యి పక్కన నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్క కనబడింది అతనికి. "గున్నమ్మగారూ, నూనె వేశారా?"

వెయ్యలేదంటే ఉద్యోగం ఉంటుంది. చెక్క కొంగులో దాచుకుంటే సరిపోతుంది. గున్నమ్మ దాచలేదు.

"ఏసినాను బాబూ. అట్టుకి కాదు, పెనానికి. ఇన్నాళ్ళూ ఇక్కడ అందరూ తిన్నది కూడా మా అత్త ఏసిన నూనే. తిండి కాడ అబద్దం నాను ఆడను. పొమ్మంటే పోతాను."

శశిధర్ నా మీద కాలుతున్న అట్టును చూశాడు. నాలుగేళ్ళుగా బొప్పాయి తిన్న మనిషి. చెయ్యి చాచి వేడి వేడి అట్టు తీసుకుని నిలబడే తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. తర్వాత గబగబా గుమ్మంలోకి వెళ్ళి తూకం యంత్రం ఎక్కాడు. పద్దెనిమిది మంది నడక సంఘమూ మెడలు చాచి చూసింది. ముల్లు డెబ్బై రెండు దగ్గరే ఆగింది. పాత మనిషి రాలేదు.

నాన్‌స్టిక్ పెనం మరో వారానికి వచ్చింది. పాపం, రెండు నెలలకే పూత పెచ్చులూడింది, ఇప్పుడు హోటలు పిల్లి అందులో పాలు తాగుతోంది. కుర్ర వంటవాడు రానేలేదు. బోర్డు మీద మొదటి మాట మారింది: 'అట్టుకు నూనె లేదు. పెనానికి ఉంది.'

ఇప్పుడు నా రంగు తిరిగి వస్తోంది. హోటలు మూశాక రోజూ నాకు నూనె రాసేది గున్నమ్మ కాదు, శశిధర్. ఆమె ఎదుట పీట మీద కూర్చుని, బొబ్బలు మానిన చేతుల్లో టీ గ్లాసు పట్టుకుని చూస్తుంది. అతను ఉల్లిపాయ చెక్కతో నా గుంట చుట్టూ భయంభయంగా రుద్దుతూ, "ఇది చాలా గున్నమ్మగారూ?" అని అడుగుతాడు.

"ఇంకొంచెం ఎయ్యి బాబూ," అంటుంది ఆమె. అతను వేస్తాడు.