మాస్ కాదు, మోటెట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ లతీఫా పెళ్లయిన వారానికే కనిపెట్టింది. దానికి తోడు ఆస్ట్రేలియాలో మేముండే డార్విన్‌లో నవంబరు నెల. రోజూ మబ్బులు కమ్ముకొస్తాయి, చుక్క రాలదు, ఒళ్లంతా జిగట. శాంతమూర్తులే ఆ నెలలో విసుక్కుంటారు. ఇక నా సంగతి చెప్పాలా?

ఆ రోజు ఆసుపత్రి ఫార్మసీలో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి మరియం ఫోల్డరు ఉంది. మరియం ఇయర్ టెన్ చదువుతోంది. స్కూలు పాటల బృందం, అదే కాయిర్‌లో పాడుతుంది. డిసెంబరు మొదటి శనివారం చర్చిలో పాటకచేరీ ఉందంటే అనుమతి పత్రం మీద నేనే సంతకం పెట్టాను. చర్చిలో అయితేనేం, కచేరీయే కదా అనుకున్నాను. అసలు దాని గొంతు గురించి గుంటూరులో ఉన్న బంధువులందరికీ వీడియోలు పంపి డప్పు కొట్టుకునేది కూడా నేనే.

ఫోల్డరులో ఒక పాటల పుస్తకం కనబడింది. అట్ట మీద ‘మాస్’ అని ఉంది. కేథలిక్కులు చర్చిలో చేసే ఆరాధనను అలా అంటారని నాకు తెలుసు. లోపల లాటిన్ మాటలు, వాటి కింద ఇంగ్లీషు అర్థం. మొదటి భాగంలో ప్రభువును దయ చూపమని వేడుకుంటారు. దానికి నేనేమీ అనుకోలేదు. రెండో భాగంలో ఏసును ‘తండ్రి కుమారుడా’ అని పిలిచేచోట మనసు కొంచెం పీకింది. మూడో భాగం ‘నేను నమ్ముతున్నాను’ అని మొదలై, ఏసు దేవుడి కుమారుడంటూ సాగింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఏసును మేం ఈసా నబీ అంటాం, గొప్ప ప్రవక్తగా గౌరవిస్తాం. దేవుడి కుమారుడని మాత్రం అనం. అది పాటే కావచ్చు. కానీ ‘నేను నమ్ముతున్నాను’ అనే మాట నా కూతురి నోటి నుంచి రావాలి కదా!

మరియంను పిలిచి, కచేరీ లేదు గిచేరీ లేదు, మానేయమన్నాను. తను నా చేతిలోని పుస్తకం చూసి, “డాడీ, అది కాదు. నేను పాడేది మోటెట్. ఇట్స్ డిఫరెంట్...” అని ఏదో చెప్పబోయింది.

“మోటెటో గీటెటో, చర్చిలో పాడేవన్నీ ఒకటే,” అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, వాదిస్తుందనుకున్నాను. ఫోల్డరు తీసుకుని గదిలోకి వెళ్లి, మెల్లగా తలుపేసుకుంది. ధడాలున వేసి ఉంటే నాకు తిట్టడానికి ఒక సాకు దొరికేది.

ఆ తర్వాత ఇంట్లో పాట లేదు. స్నానం చేస్తూ కూనిరాగం తీయడం లేదు, గిన్నెలు సర్దుతూ పాడటం లేదు. అడిగినదానికి జవాబు చెబుతోంది, పెట్టింది తింటోంది. నేను తీసుకున్న నిర్ణయం తప్పని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అయినా అన్నం సహించడం లేదు. ఇక ఈ పిల్ల మళ్లీ ఎప్పుడూ పాడదేమోనని భయం పట్టుకుంది. ఐదో రోజు, స్కూలుకెళ్లి కాయిర్‌లోంచి దీని పేరు తీయించేస్తానని లతీఫాతో అన్నాను.

“తీయించడానికి వెళ్తున్నారో, కనుక్కోవడానికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి,” అంది లతీఫా. “పిల్ల ఏదో చెప్పబోయింది. మీరు చెప్పనిచ్చారా?”

సంగీతం టీచరు మిస్ డోహర్టీకి అరవై ఏళ్లుంటాయి. కారులో దారి పొడుగునా బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాలన్నీ ఆమె ముందు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆమె అంతా విని, ఒక గ్లాసు చల్లటి నీళ్లిచ్చి, మరియం అసలు మాస్‌లో పాడటమే లేదని చెప్పింది.

జులైలో పుస్తకాలు పంచిన మర్నాడే మరియం ఆమె దగ్గరికి వెళ్లిందట. మేం ముస్లింలం, ‘నేను నమ్ముతున్నాను’ అని నేను పాడలేను మిస్ అని చెప్పిందట. మిస్ డోహర్టీ స్వయంగా కేథలిక్. తనకు ఆ మాటలు ప్రాణమని, అందుకే నమ్మకం లేనివాళ్ల చేత వాటిని అనిపించడం తనకూ ఇష్టం లేదని అంది. పుస్తకం మాత్రం అందరికీ ఇస్తారు. మరియం పాడేది ఆ తర్వాత వచ్చే మోటెట్.

రెండింటికీ తేడా ఏమిటని అప్పుడు అడిగాను. ఐదు రోజుల కిందట ఇంట్లోనే అడగాల్సిన ప్రశ్న. మాస్‌కు మాటలు ముందే నిర్ణయమై ఉంటాయట. వందల ఏళ్లుగా ఎవరు ఏ రాగం కట్టినా అవే మాటలు, అదే వరుస. మోటెట్ అలా కాదు. అది విడిగా ఒక్క పాట. కట్టేవాడు ఆ రోజుకు తగిన మాటలను గ్రంథంలోంచి ఎంచుకుంటాడు. మా నమాజు గుర్తొచ్చింది నాకు. నమాజులో ఒక్కో ఆవృత్తిని రకాత్ అంటాం; ప్రతి రకాత్‌లో ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా చదివి తీరాలి, దాని తర్వాత మాత్రం మనకు నచ్చిన సూరా, అంటే అధ్యాయం, చదువుకోవచ్చు. ఆ మాటే ఆమెతో అంటే, ఇంచుమించు అలాగేనని తలూపింది.

ఆ మోటెట్‌లో ఏముందో చూపించమన్నాను. ఒకే ఒక్క కాగితం. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివాను. దేవదూత మరియమ్మ దగ్గరికి వస్తాడు. నన్ను ఏ మగవాడూ తాకలేదే, నాకు బిడ్డ ఎలా పుడతాడని ఆమె అడుగుతుంది. దేవుడికి అసాధ్యమన్నది లేదని దూత అంటాడు. అంతే, అయిపోయింది. ఈ ఘట్టం మా ఖురాన్‌లోనూ ఉంది. ఆమె పేరుతో ఏకంగా ఒక సూరానే ఉంది. అది చదివే మా అమ్మాయికి ఆ పేరు పెట్టుకున్నాం.

గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. మూడు పాటలు చూపిస్తే మరియమే ఈ పాట ఏరుకుందని మిస్ డోహర్టీ చెప్పింది. ఆ మాటకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది.

బడి వదిలేదాకా కారులోనే కూర్చున్నాను. మరియం వచ్చి ఎక్కాక, “మోటెట్ అంటే ఏంటో మీ మిస్ చెప్పింది బేటా. నువ్వు చెప్తుంటే నేను వినలేదు. తప్పు నాదే,” అన్నాను.

తను స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. “నేను ఆ మాటలు పాడతానని ఎలా అనుకున్నారు డాడీ? యూ డిడింట్ ఈవెన్ ఆస్క్ మీ.”

“అవును, అడగలేదు.” అని ఒప్పుకున్నాను.

“సో... నేను పాడొచ్చా?”

“పాడు తల్లీ.”

అప్పుడు ఏడ్చింది, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని. ఇక పాడనివ్వనేమోనని ఆ ఐదు రోజులూ నాకంటే అదే ఎక్కువ భయపడిందని నాకప్పుడు అర్థమైంది.

కచేరీలో ముందు మాస్ పాడారు. మరియం మా ఇద్దరి మధ్యా కూర్చుని విన్నది. ‘నేను నమ్ముతున్నాను’ దగ్గరికి వచ్చేసరికి గొంతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. వాళ్ల నమ్మకాన్ని వాళ్ల నోట వింటుంటే ముచ్చటేసింది. భయం పోయాక గానీ అందులోని అందం నాకు వినబడలేదు.

తర్వాత మరియం లేచి ముందుకు వెళ్లింది. నాకెలా బిడ్డ పుడతాడని మరియమ్మ అడిగే వరుసను మొదట తనొక్కతే అందుకోవాలి. సన్నగా మొదలైన గొంతు మెల్లమెల్లగా చర్చి అంతా నిండింది. లతీఫా నా చెయ్యి పట్టుకుంది. ఆ పాటలో దేవదూత ఆ అమ్మాయి మీద విసుక్కోలేదు. ఆమె అడిగింది పూర్తిగా విని, ఆ తర్వాతే జవాబు చెప్పాడు. నా ఇంట్లో మరియం నోరు విప్పితే నేను రెండు మాటలు కూడా పూర్తి కానివ్వలేదు. కళ్లు తుడుచుకుని, ఈసారి చివరిదాకా విన్నాను.