విప్పని చక్రం

తెనాలిలో కార్లు బాగుచేసే రామకోటికి ఒకరి బాగు చూసి ఏడ్చే గుణం లేదు, ఒక్క బర్నబాసు విషయంలో తప్ప. ఇద్దరూ కుర్రతనంలో కోటిబాబు మేస్త్రి దగ్గర ఆరేళ్ళు కలిసి పని నేర్చుకున్నారు. "చెవి రామకోటిది, చెయ్యి బర్నబాసుది" అనేవాడు మేస్త్రి. చప్పుడు విని రోగం ఎక్కడుందో రామకోటి చెబితే, విప్పి బిగించేది బర్నబాసు. ఆ తర్వాత బర్నబాసు అత్తగారి ఊరు రేపల్లె వెళ్ళి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కారుని పైకెత్తే లిఫ్టు తెచ్చాడు, కంప్యూటరు తెచ్చాడు. తెనాలి కార్లు కూడా అక్కడికే పోతున్నాయని ఎవరైనా అన్నారంటే రామకోటికి ఆ పూట అన్నం సయించేది కాదు.

బాపట్లలో లెక్చరరుగా రిటైరైన వెంకట సుబ్బయ్య మాస్టారు మాత్రం ఇరవై ఏళ్ళుగా రామకోటి చేత తప్ప ఇంకొకరి చేత బానెట్ ఎత్తించలేదు. ఆ మాస్టారే ఒకరోజు కారు తీసుకొచ్చి, "కీచుమని ఒకటే గోలయ్యా, వీధిలో కుక్కలు వెంటపడుతున్నాయి" అన్నారు.

రామకోటి పక్కన నిలబడి విన్నాడు. ఏమీ తేడాగా అనిపించలేదు. కీచుమంటే బెల్టే అయ్యుంటుందని కొత్త బెల్టు వేసి పంపాడు.

నాలుగో రోజుకి కారు మళ్ళీ వచ్చింది. అది షెడ్డులోకి తిరుగుతుంటే టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. వాళ్ళెందుకు చూస్తున్నారో రామకోటికి అర్థం కాలేదు.

"అలాగే ఉందయ్యా," అన్నారు మాస్టారు మొహమాటంగా. "ఎలాగూ రేపల్లెలో మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను. అక్కడెవరో బర్నబాస్ అట. మా అల్లుడు అతని గురించి తెగ చెబుతాడు. ఒకసారి చూపిస్తాను, ఏమీ అనుకోకు."

రామకోటికి గుండెల్లో ఎవరో కారం చల్లినట్టయింది. "నేనూ వస్తానండి," అన్నాడు. "వాడు నా తమ్ముడిలాంటోడు. నేనుంటే తొందరగా తేలిపోద్ది."

దారి పొడుగునా మాస్టారు "అదుగో, వినిపించిందా?" అంటూనే ఉన్నారు. భట్టిప్రోలు దాటేసరికి రామకోటి అద్దంలోంచి బయటికి చూస్తూ తలూపడం మొదలుపెట్టాడు. వాడికి కూడా దొరక్కూడదు, అన్నదొక్కటే అతని మనసులో ఉంది.

బర్నబాసు వాళ్ళని చూసి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "అన్నా! ఎన్నాళ్ళకి!" అని కుర్చీ వేయించి, టీ చెప్పి, అప్పుడు కారు దగ్గరికి వెళ్ళాడు. ఇంజిను ఆపేసి షెడ్డు కుర్రాళ్ళిద్దరి చేత తోయించాడు.

"ఇంజిను ఆపినా కూత వస్తోంది. బెల్టు కాదు మాస్టారూ, చక్రాల్లోదే."

చిన్న పరీక్ష. రామకోటికి తెలియనిదేం కాదు. తను ఎందుకు చెయ్యలేదో తలుచుకుంటే అతనికి చెవులు వేడెక్కాయి.

కారుని లిఫ్టు మీద ఎత్తి బర్నబాసు ఒక్కో చక్రం చేత్తో తిప్పాడు. ముందు ఎడమ చక్రం దగ్గర ఆగాడు. "ఇదే. అన్నా, దీని బ్రేకు విప్పి చూశావా?"

రామకోటి నోటి వెంట అబద్ధం దానంతటదే వచ్చేసింది. "నాలుగూ విప్పా. అద్దంలా ఉన్నాయి."

"అయితే ఇంక విప్పక్కర్లేదు," అన్నాడు బర్నబాసు.

మరో గంటన్నర కింద పడుకుని, లేచి, స్ప్రింగులు కదిపి, ఇరుసు తట్టి, చెమటతో తడిసిపోయాడు. టీ చల్లారిపోయింది. రామకోటి కుర్చీలో కాలు మీద కాలేసుకుని చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా కోరుకున్న దృశ్యం అది. మొదటి అరగంట హాయిగానే ఉంది.

చివరికి బర్నబాసు మాస్టారి దగ్గరికి వచ్చాడు. "ఇంక మిగిలింది బేరింగేనండి. అదైతే గరగరమనాలి, ఇలా కీచుమనకూడదు. నాకే నమ్మకం కుదరట్లేదు. గుంటూరు నుంచి సామాను రావాలి, రెండ్రోజులు కారు వదిలెయ్యండి."

మాస్టారి మొహం వాడిపోయింది. "ఇక్కడికొస్తే తేలిపోతుందన్నారే..."

"అన్న బ్రేకులు చూసుండబట్టి ఈమాత్రమైనా తేలిందండి. చప్పుడు పట్టడంలో అన్న తర్వాతే ఎవరైనా. నాకు దొరక్కపోతే అది నా తెలివితక్కువ."

ఆ మాటలో వెటకారమేమైనా ఉందేమోనని రామకోటి అతని మొహంలోకి చూశాడు. లేదు. ఉంటే బాగుండేది. కుర్చీలోంచి లేచాడు.

"ఆ చక్రం విప్పరా."

"విప్పానన్నావుగా అన్నా?"

"విప్పలేదు."

బర్నబాసు అతన్ని ఒక్క క్షణం చూశాడు. మాస్టారు వింటున్నారని ఇంకేమీ అడగకుండా పానా అందుకున్నాడు. చక్రం ఊడదీసి, డిస్కు వెనకున్న రేకుని కాస్త వంచేసరికి శనగగింజంత కంకర రాయి ఒకటి టప్పున నేల మీద పడింది.

"పెనుమూడి దగ్గర రోడ్డు వేస్తున్నారు. పోయినవారం ఆ కంకర మీంచే వచ్చాను!" అన్నారు మాస్టారు పసిపిల్లాడిలా నవ్వుతూ. చక్రం బిగించాక అటూ ఇటూ నడిపి చూసుకుని, కూత లేదని ఇద్దరికీ దణ్ణం పెట్టి కూతురింటికి వెళ్ళారు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. "ఎందుకన్నా అలా చెప్పావు?" అన్నాడు బర్నబాసు. కోపంగా అనలేదు.

"నీకు దొరక్కూడదని," అన్నాడు రామకోటి. "నాకా కూత వినపడలేదురా. ఒక్కసారి కూడా. మాస్టారు పక్కన కూర్చుని అదుగో, అదుగో అంటుంటే నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నా దగ్గరున్నది ఆ చెవొక్కటే కదరా. నీకు అన్నీ ఉన్నాయి."

బర్నబాసు నేల మీది కంకర రాయి ఏరి బయటికి విసిరేశాడు. తర్వాత, "నాతో అబద్ధమాడకుండా ఉండాల్సింది," అని మాత్రం అన్నాడు. అయినా బండి మీద స్టేషనుకి తీసుకెళ్ళి రైలెక్కించాడు.

తెనాలిలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, సన్నటి శబ్దాలు రెండు చెవులకీ అందడం లేదని, ఇన్నేళ్ళ సుత్తి దెబ్బల పుణ్యమని చెప్పింది. ఇప్పుడు కీచుమనే కారొస్తే రామకోటి దాచడు. "నాకు వినపడదండి, రేపల్లె తీసుకెళ్ళండి" అని తనే బర్నబాసు నంబరిస్తాడు. ఆ కారు మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడతాడు. కడుపులో మంట మాత్రం పూర్తిగా చల్లారలేదు.